గాజు గిన్నెలో మొలిచిన వెంట్రుక

"డాక్టరుగారూ, అమెరికాలో గాజు గిన్నెలో చర్మం పెంచి దానికి వెంట్రుకలు మొలిపించారటగా! ఆ వైద్యం మన దగ్గరికి ఎప్పుడొస్తుంది? అంతదాకా ఆగమంటారా, లేక ఇప్పుడు దొరికేదేదో చేయించుకోమంటారా?"

ఈ ప్రశ్న ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. నాగారం, దమ్మాయిగూడ, ఈసీఐఎల్ వైపు నుంచి ఓ.పి.కి వచ్చే కుర్రవాళ్ళు అడుగుతారు. వాళ్ళకంటె ఎక్కువగా వాళ్ళ అమ్మలు అడుగుతారు. "సంబంధాలు చూస్తున్నామండీ, వీడి నుదురేమో రోజురోజుకీ పైకి జరుగుతోంది" అని వాళ్ళ బెంగ. ఆ బెంగను నవ్వి తీసిపారేయకూడదు. జుట్టు పోతే ప్రాణం పోదు నిజమే, కాని మనిషి నలుగురిలోకి రావడానికి జంకుతాడు. ఆ జంకులోనే డబ్బు పోగొట్టుకుంటాడు.

ముందుగా సూటి జవాబు చెబుతాను. గిన్నెలో పెంచిన చర్మంలో వెంట్రుక మొలిచిన మాట నిజం. అది మీ నెత్తికి ఎక్కించే వైద్యంగా ప్రపంచంలో ఎక్కడా ఇంకా ఆమోదం పొందలేదన్న మాట కూడా అంతే నిజం. ఈ రెండు నిజాల మధ్య వున్న ఖాళీలోనే కొందరు దుకాణాలు తెరుస్తున్నారు. అంచేత ఆ ఖాళీ ఎంతో, ఎందుకో తెలుసుకుందాం.

వెంట్రుక వేరు, కూపం వేరు

మనం దువ్వుకునే వెంట్రుకలో ప్రాణం లేదు. కత్తిరిస్తే నొప్పి పుట్టదు, రక్తం రాదు. గోరులాగే అది కెరటిన్ అనే మాంసకృత్తుతో తయారైన కాడ. ప్రాణమంతా చర్మం లోపల, సుమారు 4 మిల్లీమీటర్ల లోతున వున్న రోమకూపంలో వుంటుంది. కూపం అంటే బావి అని మీకు తెలుసు. కాని ఇది ఉత్త గుంట కాదు. గుండె, మూత్రపిండంలాగే ఇదీ ఒక అవయవం. కాకపోతే చాలా చిన్నది.

ఈ కూపం అడుగుభాగం ఉల్లిగడ్డలా ఉబ్బి వుంటుంది. ఆ ఉల్లిగడ్డ అడుగున చిన్న గుంట, ఆ గుంటలోకి కింది చర్మం నుంచి పొడుచుకు వచ్చిన బొడిపె ఒకటి వుంటాయి. ఈ బొడిపెను డాక్టర్లు డెర్మల్ పాపిల్లా అంటారు. ఇల్లు కట్టే చోట మేస్త్రీ ఎలాంటివాడో కూపంలో ఈ బొడిపె అలాంటిది. తాను ఇటుక పట్టదు. "ఇక్కడ కట్టండి, ఇంత లావు కట్టండి, ఇక ఆపండి" అని చుట్టూ వున్న కణాలకు రసాయనాల భాషలో ఆజ్ఞలు పంపుతుంది. ఆ కణాలు విభజన చెంది, పైకి నెట్టుకుంటూ పోయి, గట్టిపడి వెంట్రుక అవుతాయి. ఇంకొంచెం పైన కూపం గోడలో ఒక చిన్న ఉబ్బు వుంది. అది గాదె. అక్కడ మూలకణాలు నిలవ వుంటాయి. ఒక పంట కోసిన తరువాత మళ్ళీ విత్తనం అక్కడినుంచే రావాలి.

పంట అన్నాను కనుక ఆ లెక్క కూడా చూడండి. తలమీద ఒక్కొక్క వెంట్రుక రెండేళ్ళ నుంచి ఆరేళ్ళ వరకు పెరుగుతుంది. నెలకు సుమారు ఒక సెంటీమీటరు. తరువాత రెండు మూడు వారాలు కూపం ముడుచుకుంటుంది. ఆపైన మూడు నెలలు బీడు. అప్పుడు పాత వెంట్రుక రాలి, దాని చోట కొత్తది లేస్తుంది. తలమీద సుమారు 1 లక్ష వెంట్రుకలుంటాయి కాబట్టి రోజుకు 50 నుంచి 100 దాకా రాలడం సహజం. దువ్వెనలో నాలుగు వెంట్రుకలు కనపడగానే గాబరా పడనక్కర్లేదు.

తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చినవారికి నెల తిరిగేసరికి జుట్టు ఎందుకు వస్తుంది? కత్తి కాడను మాత్రమే కోసింది. కూపాన్ని తాకలేదు. అదే నిప్పు, ఆమ్లం, లోతైన పుండు కూపాన్ని నాశనం చేసి మచ్చ మిగిల్చాయనుకోండి, అక్కడ మళ్ళీ వెంట్రుక రాదు. ఎందుకంటే మీ ఒంటిమీది కూపాలన్నీ తల్లి కడుపులో మూడో నెలలో మొదలై, అయిదో నెల దాటేసరికి ఏర్పడిపోయాయి. పుట్టిన తరువాత మనిషికి కొత్త కూపాలు పుట్టవని చెప్పుకోవచ్చు. పోయిన కూపాన్ని మళ్ళీ పుట్టించడం ఎలాగన్నదే శాస్త్రవేత్తల ముందున్న సమస్య.

ఎలుక మీద పనిచేసిన మందు మనిషి మీద ఎందుకు పనిచేయదు?

జుట్టు మొలిపించే మందుల పరీక్ష చాలాకాలం ఎలుకల మీదే జరిగింది. అయితే ఎలుక ఒంటి వెంట్రుకలు ఒక చివరినుంచి మరో చివరికి అలలా, గుంపులుగా పెరుగుతాయి. మనిషి తలమీద ఏ వెంట్రుక లెక్క దానిదే. మగవారికి వచ్చే బట్టతల ఎలుకకు రానే రాదు. ఎలుక చర్మం పలచన, కూపాలు పైపైన వుంటాయి. అంచేత ఎలుక మీద గుబురుగా జుట్టు మొలిపించిన మందులు ఎన్నో మనిషి దగ్గరికి వచ్చేసరికి చతికిలపడ్డాయి.

పోనీ మనిషి మీదే పరీక్షిద్దామంటే ఏముందో తెలియని మందును ఎవరి నెత్తిన పూస్తాం? 1990లో ఇంగ్లండులో ఫిల్పాట్, కీలీ తదితరులు ఒక మార్గం చూపించారు. శస్త్రచికిత్సలో తీసివేసిన చర్మం నుంచి కూపాలను ఒక్కొక్కటిగా వేరుచేసి పోషక ద్రవంలో వుంచితే, అవి కొన్ని రోజులపాటు ఒంటిమీద వున్నట్టే వెంట్రుకను పెంచాయి. ఇది చాలా ఉపయోగపడిన పద్ధతి. ఈనాటికీ వాడుతున్నారు. కాని ఆ కూపాలు కొద్దిరోజులకు అలసిపోతాయి. పైగా అవి ముందే తయారైనవి. కూపం మొదటినుంచి ఎలా పుడుతుందో వాటిలో చూడలేం. అది చూడాలంటే చర్మాన్నే పెంచాలి.

గిన్నెలో చర్మం

1975లో అమెరికాలో హోవర్డ్ గ్రీన్, జేమ్స్ రైన్‌వాల్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మనిషి పైచర్మపు కణాలను గిన్నెలో పెంచే పద్ధతి కనిపెట్టారు. తపాలాబిళ్ళంత చర్మం ముక్కనుంచి నెల తిరక్కుండానే ఒళ్ళంతా కప్పగలిగినంత చర్మం పెంచవచ్చని తేలింది. 1983లో ఒళ్ళు దాదాపు అంతా కాలిపోయిన ఇద్దరు పసి అన్నదమ్ములను ఇలా పెంచిన చర్మంతోనే బతికించారు. వైద్యచరిత్రలో అది పెద్ద విజయం.

కాని ఆ చర్మానికి వెంట్రుకలు లేవు. చెమట గ్రంథులు లేవు. నూనె గ్రంథులు లేవు. ఇది అందానికి సంబంధించిన లోటు మాత్రమే అనుకోకండి. కాలిన గాయాల వార్డులో పనిచేసిన ఏ డాక్టరునడిగినా చెబుతాడు. ఒళ్ళంతా మచ్చ కట్టిన మనిషి మే నెలలో చెమట పట్టక, లోపలి వేడి బయటికి పోక ఎంత తల్లడిల్లుతాడో! చర్మం పొడిబారి, పగిలి, దురద పెట్టి రాత్రిళ్ళు నిద్ర వుండదు.

ఇంకొక సంగతి. చేతిమీద వేడి పాలు ఒలికి బొబ్బ లేచిందనుకోండి, పదిహేను రోజుల్లో మచ్చ లేకుండా మానిపోతుంది. ఆ కొత్త చర్మం ఎక్కడినుంచి వచ్చింది? చాలావరకు రోమకూపాల గోడల్లో మిగిలిన కణాలు పైకి పాకి వచ్చి గాయాన్ని కప్పాయి. కాలిన గాయం కూపాల అడుగుదాకా దిగితే ఇక ఆ అవకాశం వుండదు. అంచుల నుంచి మానాలి, లేదా చర్మం అతకాలి. అంటే రోమకూపం కేవలం జుట్టు పుట్టే చోటు కాదు. చర్మానికి విత్తనాల గాదె కూడా. కూపాన్ని తయారుచేయడం తెలిస్తే బట్టతలవారికంటె ముందు కాలిన గాయాలవారికి మేలు జరగాలని నా కోరిక.

సందర్భం వచ్చింది కనుక వంటింటి మాట ఒకటి. ఒళ్ళు కాలితే వెంటనే పంపు కింద పెట్టి 20 నిమిషాలు చల్లని నీటి ధార పోయండి. వేడి లోపలికి దిగకుండా ఆగుతుంది, కూపాలు దక్కుతాయి. పళ్ళపేస్టు, సిరా, పసుపు, ఐసుగడ్డలు వద్దు. పెద్దగా కాలితే పరిశుభ్రమైన బట్ట కప్పి ఆసుపత్రికి తీసుకురండి. లోతుగా కాలినవారికి తాత్కాలికంగా కప్పడానికి మరణించినవారు దానం చేసిన చర్మం పనికివస్తుంది. అందుకోసం 2021లో ఉస్మానియా జనరల్ ఆసుపత్రిలో చర్మనిధి కూడా ప్రారంభమయింది.

మతిమరుపు మేస్త్రీ

ఇప్పుడు అసలు కథకు వద్దాం. కూపంలో మేస్త్రీ ఆ బొడిపే అని చెప్పాను కదా. 1984లో స్కాట్లండులో కాలిన్ జహోదా, ఆయన సహచరులు ఎలుక మీసాల బొడిపె కణాలను గిన్నెలో పెంచి, తిరిగి ఎలుక చర్మంలో పెడితే వెంట్రుకలు మొలిచాయని చూపించారు. 1999లో ఇంకా చిత్రమైన ప్రయోగం జరిగింది. జహోదా తన తలలోని కూపాల అడుగు తొడుగు నుంచి కణాలు తీసి, సహ శాస్త్రవేత్త అమాండా రేనాల్డ్స్ ముంజేతి చర్మంలో పెట్టించారు. మగవాడి కణాలు ఆడమనిషి చేతిలో కొత్త కూపాలను పుట్టించాయి! మేస్త్రీ దొరికితే కూలీలు ఎక్కడివారైనా సరే కడతారని దీనితో తేలింది.

అయితే మనిషి బొడిపె కణాలతో పెద్ద చిక్కు వచ్చిపడింది. వాటిని గిన్నె అడుగున పలచగా పరిచి పెంచితే సంఖ్యలో బాగా పెరుగుతాయి గాని తమ విద్య మరచిపోతాయి. మేస్త్రీ కాస్తా మామూలు మనిషి అయిపోతాడు. పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు పరిశోధన ఇక్కడే తచ్చాడింది.

2013లో జహోదా, న్యూయార్కు కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన ఏంజెలా క్రిస్టియానో బృందం ఒక చిట్కా కనిపెట్టారు. కణాలను గిన్నెలో పరచకుండా, మూతకు బొట్లు బొట్లుగా వేలాడదీశారు. తెల్లవారుజామున ఆకు చివర మంచుబొట్టు వేలాడుతుందే, అలాగన్నమాట. బొట్టు అడుగున కణాలన్నీ ఒకదానికొకటి హత్తుకుని చిన్న ఉండ కట్టాయి. హత్తుకోగానే మరచిన విద్యలో కొంత తిరిగి గుర్తుకు వచ్చింది. ఏడుగురి నుంచి తీసిన కణాలతో, వెంట్రుకలు లేని మనిషి చర్మాన్ని ఎలుక మీద అతికి పరీక్షిస్తే, అయిదుగురివి కొత్త కూపాలను పుట్టించాయి. చూడండి, కణం ఎంత గొప్పదైనా ఒంటరిగా వుంటే పని మరచిపోతుంది!

2018లో అదే కొలంబియాలో ఇంకో అడుగు వేశారు. త్రీడీ ప్రింటరుతో సన్నని పొడుగాటి గుంటలున్న అచ్చులు తయారుచేసి, గిన్నెలోని చర్మంలో కూపం ఆకారాన్ని ముందే ఏర్పాటుచేశారు. ఆ గుంటల్లో బొడిపె కణాలను కూర్చి, పైన చర్మకణాలు వేస్తే, మనిషి కణాలతోనే గిన్నెలో కూపాలు తయారయ్యాయి.

2020లో కార్ల్ కోలర్, జియూన్ లీ బృందం చేసిన పనే మీరు విన్న వార్తకు మూలం. వాళ్ళు తయారైన చర్మంతో మొదలుపెట్టలేదు. ఏ అవయవంగానైనా మారగల మనిషి మూలకణాలను తీసుకున్నారు. కడుపులో పిండానికి ఏ రోజున ఏ రసాయన సందేశం అందుతుందో ఆ వరుసలోనే వాటికి అందించారు. నాలుగైదు నెలలకు చిన్న ఉండలు తయారయ్యాయి. వాటిలో పైచర్మం, కిందిచర్మం, నూనె గ్రంథులు, రంగు కణాలు, నరాలు, వెంట్రుకలు అన్నీ వున్నాయి. కాకపోతే తిరగేసిన చొక్కాలా చర్మం పైభాగం లోపలికి, వేళ్ళు బయటికి వున్నాయి. వీటిని రోగనిరోధక శక్తి లేని ఎలుకల మీద అతికితే విచ్చుకున్నాయి. వాటిలో సగానికి కొంచెం పైగా 2 నుంచి 5 మిల్లీమీటర్ల వెంట్రుకలు మొలిచాయి. 2022లో జపానులోని యోకొహామాలో ఎలుక పిండకణాలతో చేసిన కూపాలు 23 రోజుల్లో గిన్నెలోనే సుమారు 3 మిల్లీమీటర్ల వెంట్రుకను పెంచాయి.

ఇంతకీ గిన్నెలో పెరిగింది ఎంత? కొన్ని మిల్లీమీటర్లు. అయినా శాస్త్రానికి అది చాలు. పిండదశలో కూపం ఎలా పుడుతుందో కళ్ళెదుట చూడవచ్చు. పుట్టుకతోనే జుట్టు లేని జబ్బులు ఏ మెట్టు దగ్గర తప్పాయో కనిపెట్టవచ్చు. కాన్సరు మందులు కూపాన్ని ఎలా దెబ్బతీస్తాయో, ఏం చేస్తే దాన్ని కాపాడవచ్చో మనిషి కణాల మీదే పరీక్షించవచ్చు. ఆ చర్మం పుట్టింది ఇందుకే. అది ప్రయోగశాలలో వుండే నమూనా. మీకు అమ్మే సరుకు కాదు.

మన ఉప్పల్ రోడ్డు మీద

ఇదంతా పరాయి దేశాల వ్యవహారం అనుకోనక్కర్లేదు. నాగారం నుంచి ఈసీఐఎల్, మల్లాపూర్, నాచారం మీదుగా హబ్సిగూడ చేరితే ఉప్పల్ రోడ్డు మీద సి.సి.ఎం.బి. కనిపిస్తుంది. కణాలను, జన్యువులను అధ్యయనం చేసే ఈ సంస్థ 1977లో డాక్టర్ పుష్పమిత్ర భార్గవ సారథ్యంలో మొదలైంది. దీనికి అనుబంధంగా వున్న అటల్ ఇంక్యుబేషన్ కేంద్రంలో, జంతువులకు బదులు మనిషి కణాలతో చేసిన నమూనాల మీద మందులను పరీక్షించే పద్ధతులను ప్రోత్సహించడానికే ప్రత్యేకంగా ఒక విభాగం నెలకొల్పారు.

చట్టం కూడా ఇటే మళ్ళింది. సబ్బులు, క్రీములవంటి సౌందర్య సాధనాలను జంతువుల మీద పరీక్షించడాన్ని మన దేశం 2014లో నిషేధించింది. కొత్త మందుల పరీక్షలో జంతువులకు బదులు గిన్నెలో పెంచిన కణజాలాలు, అవయవాల నమూనాలు వాడుకోవచ్చని 2023లో నిబంధనలు సవరించారు. అంచేత గిన్నెలో చర్మం పెంచే విద్యకు మన దగ్గర గిరాకీ పెరిగేదే గాని తరిగేది కాదు.

గిన్నెలో పెంచిన కణజాలం రోగిని చేరిన నిజమైన ఉదాహరణ కూడా మన నగరంలోనే వుంది. సున్నం, ఆమ్లంవంటివి పడి కంటి నల్లగుడ్డు అంచున వున్న మూలకణాలు చచ్చిపోతే, తెల్లపొర కమ్మి చూపు పోతుంది. ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థలో 2001 నుంచి డాక్టర్ వీరేందర్ సాంగ్వాన్, డాక్టర్ గీతా వేముగంటి తదితరులు, రోగి బాగున్న కంటినుంచి ఆవగింజంత ముక్క తీసి, దాన్ని ప్రయోగశాలలో పొరగా పెంచి, దెబ్బతిన్న కంటికి అతికారు. 2011లో వారు ప్రకటించిన ఫలితాల ప్రకారం 200 మందిలో 71 శాతానికి అది విజయవంతమైంది.

మరి కన్ను బాగుచేసినవాళ్ళం జుట్టు ఎందుకు మొలిపించలేకపోతున్నాం? కంటికి కావలసింది ఒకే రకం కణాల పలచని పొర. దుప్పటి కప్పినట్టు కప్పితే చాలు. కూపం దుప్పటి కాదు, ఇల్లు. దానికి అనేక రకాల కణాలు కావాలి. మేస్త్రీ ఆజ్ఞలు ఇవ్వాలి. రక్తనాళాలు రావాలి. వెంట్రుక సరైన దిక్కుకు వాలాలి. ఏళ్ళ తరబడి పంట, బీడు, మళ్ళీ పంట సాగాలి. అలాంటివి ఒకటి కాదు, వేలు కావాలి. పైగా ఏ అవయవంగానైనా మారగల మూలకణం దారి తప్పితే కంతిగా మారే ప్రమాదం వుంది. ఆ భయం తీరేదాకా దాన్ని ఆరోగ్యంగా వున్న కుర్రవాడి నెత్తిన పెట్టడం న్యాయం కాదు.

ముందే తెరిచిన దుకాణాలు

ప్రయోగశాల ఇంకా తయారుచేయనిదాన్ని బజారులో మాత్రం అప్పుడే అమ్ముతున్నారు. "మూలకణ చికిత్స", "కూపాల పునరుజ్జీవనం" అని బోర్డులు చూస్తున్నాం. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శక సూత్రాలు దీనిమీద స్పష్టంగా వున్నాయి. కొన్ని రక్తసంబంధమైన జబ్బులకు చేసే మూలకణ మార్పిడి తప్ప, మిగతా ఏ మూలకణ చికిత్స అయినా అనుమతి పొందిన పరిశోధనలో భాగంగానే జరగాలి. మామూలు వైద్యంగా అమ్మకూడదు. పరిశోధనలో చేరినవారి దగ్గర ఆ చికిత్సకు డబ్బు వసూలు చేయరు. అంచేత ఎవరైనా "మూలకణాలతో జుట్టు మొలిపిస్తాం, ఇంత ఖర్చవుతుంది" అంటే ఆ ఒక్క మాటతోనే లేచి వచ్చేయండి.

ఖరీదైన క్లినిక్కులే కాదు. 2025 ఏప్రిల్‌లో మన ఉప్పల్ భగాయత్‌లో ఏం జరిగిందో పత్రికల్లో చదివే వుంటారు. బట్టతల మీద జుట్టు మొలిపించే మందు పూస్తున్నారని విని వందలాదిమంది బారులు తీరారు. అలాంటి పూతలతో నెత్తి మండిందని, దద్దుర్లు లేచాయని నగరంలో కొందరు వాపోయినట్టు కూడా వార్తలు వచ్చాయి. మంట పుడితే మందు పనిచేస్తున్నట్టే అనుకునేవారున్నారు. అది పొరపాటు. మంట అంటే చర్మం కాలుతున్నదని అర్థం. అది పుండై లోతుకు దిగి మచ్చ కట్టిందా, అంతదాకా సన్నగానైనా బతికివున్న కూపం ఇక శాశ్వతంగా పోయినట్టే. మగవారి బట్టతలలో కూపాలు మొదట్లో చావవు, చిక్కిపోతాయి. చిక్కినవాటిని కొంతవరకు నిలబెట్టవచ్చు. చచ్చినవాటిని లేపలేం.

ఇవాళ మన చేతిలో వున్నది

జుట్టు రాలడానికి కారణం తెలియకుండా మందు కొనకండి. డెంగ్యూ, టైఫాయిడ్‌వంటి జ్వరం తగ్గిన రెండు మూడు నెలలకు, కాన్పయిన మూడు నెలలకు జుట్టు గుప్పెళ్ళుగా రాలుతుంది. జబ్బు సమయంలో కూపాలు చాలా ఒక్కసారిగా బీడు దశలోకి పోవడమే దీనికి కారణం. ఆరు నుంచి తొమ్మిది నెలల్లో తనంతట తనే సర్దుకుంటుంది. ఆడవారిలో రక్తహీనత, థైరాయిడ్ చూడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57.6 శాతానికి రక్తహీనత వుంది. స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలని మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పింది. కాబట్టి షాంపూ మార్చేముందు రక్తపరీక్ష చేయించండి. తోటకూర, పప్పు, రాగి, వీలైతే గుడ్డు, మాంసం తినండి. పప్పులో నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా వంటబడుతుంది.

రూపాయి బిళ్ళంత మేర నున్నగా వూడితే మనవాళ్ళు పేనుకొరుకుడు అంటారు. పేనుకు ఈ పాపంతో సంబంధం లేదు. మన రోగనిరోధక కణాలే పొరబడి కూపంమీద దాడి చేస్తాయి. కూపం బతికే వుంటుంది గనుక చాలామందికి జుట్టు తిరిగి వస్తుంది. దానిమీద ఘాటైన ఆకుపసర్లు రుద్ది పుండు చేయకండి. పిల్లల తలలో పొట్టు రేగి, వెంట్రుకలు తెగి, చీము పడితే అది తామర కావచ్చు. నోటి ద్వారా మందు వాడాలి. ఆలస్యమైతే మచ్చ మిగులుతుంది. ఆడపిల్లలకు నుదుటి వెంట్రుకలు లాగి బిగించి జడ వేస్తే ఏళ్ళ తరబడి ఆ లాగుడుకు అంచున కూపాలు దెబ్బతింటాయి.

మగవారి బట్టతలకు రుజువున్న మందులు కొద్దివే. రక్తపోటు మాత్రగా మొదలై, ఒంటిమీద వెంట్రుకలు పెంచుతున్నదని గమనించాక 1988లో అమెరికాలో తలకు పూసే మందుగా ఆమోదం పొందిన మినాక్సిడిల్ ఒకటి. ఫినాస్టరైడ్ మాత్ర ఇంకొకటి. ఫలితం తెలియడానికి నాలుగైదు నెలలు పడుతుంది. మొదటి వారాల్లో కొంత జుట్టు రాలవచ్చు, బెదరకండి. మానేస్తే నిలిచిన జుట్టు మళ్ళీ పోతుంది. ఫినాస్టరైడ్‌తో కొందరికి లైంగిక ఇబ్బందులు, మనసు దిగులు కలగవచ్చు. ఈ రెండు మందులూ గర్భిణులు వాడకూడదు. అంచేత డాక్టరు సలహాతోనే వాడండి.

పాఠకుల సందేహాలు

ప్రశ్న: మా కాలనీలో బోరు నీళ్ళు. అవే జుట్టును తినేస్తున్నాయా?

జవాబు: ఉప్పునీళ్ళలోని కాల్షియంవంటి లవణాలు వెంట్రుక కాడను గరుకుగా, పెళుసుగా చేయగలవు. చివర్లు తెగుతాయి. కూపం లోతున వుంటుంది కనుక దాన్ని చంపలేవు. చివరిగా ఒక చెంబు మంచినీళ్ళతో తల కడుక్కుంటే చాలు.

ప్రశ్న: జుట్టు మార్పిడి శస్త్రచికిత్సలో కొత్త జుట్టు పుడుతుందా?

జవాబు: పుట్టదు. తల వెనుక వున్న కూపాలను తీసి ముందు నాటుతారు. నారుమడి నుంచి పొలానికి నాట్లు మార్చినట్టే. మొత్తం కూపాల సంఖ్య పెరగదు. అది శస్త్రచికిత్స కాబట్టి శిక్షణ పొందిన రిజిస్టర్డ్ డాక్టరే చేయాలి. జాతీయ వైద్య కమిషన్ 2022లో ఇదే చెప్పింది. చేసేది ఎవరో పేరు, రిజిస్ట్రేషను నంబరు అడగడానికి మొహమాటపడకండి.

ప్రశ్న: బయోటిన్ బిళ్ళలు రోజూ మింగుతున్నాను. మంచిదేనా?

జవాబు: లోపం వున్నవారికి తప్ప ఉపయోగం కనపడలేదు. లోపం చాలా అరుదు. పైగా ఎక్కువ మోతాదులో వాడితే థైరాయిడ్ పరీక్ష, గుండెపోటుకు చేసే రక్తపరీక్ష తప్పుగా చూపించవచ్చు. రక్తం ఇచ్చేటప్పుడు బయోటిన్ వాడుతున్నట్టు తప్పక చెప్పండి.

ప్రశ్న: మరి గిన్నెలో పెరిగిన జుట్టు కోసం ఎన్నాళ్ళు ఆగాలి?

జవాబు: దానికోసం ఆగకండి. ఇవాళ వున్న కూపాలను ఇవాళ కాపాడుకోండి. నెత్తిమీద మంట, నొప్పి, చీము, మచ్చ కడుతున్న గుర్తు కనిపిస్తే అదే వారంలో చర్మవ్యాధుల ఓ.పి.కి వెళ్ళండి. గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల్లో ఈ విభాగం వుంది. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు ఇంతవరకు వాడిన నూనెలు, పూతలు, బిళ్ళలు అన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి. వాటిని చూస్తే జబ్బు సగం అర్థమవుతుంది.